బాగుచేసిన ఇంజిన్ కంప్యూటర్ మళ్లీ మొరాయిస్తే లోపం ఎక్కడ వెతకాలి?

ఈసీఎం రిపేరు చేయించి తెచ్చి బిగించినా బండి స్టార్ట్ కాకపోవడం, స్టార్టయినా నాలుగు రోజులకే పాత లక్షణాలతో మళ్లీ ఆగిపోవడం కారు యజమానులను అయోమయంలో పడేసే సమస్య. ఈసీఎం అనీ ఈసీయూ అనీ పిలిచే ఈ ఇంజిన్ కంప్యూటర్ ఒకప్పుడు కొద్దిపాటి కార్లకే పరిమితం. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక మోటార్‌సైకిళ్లలో, స్కూటర్లలో కూడా చాలావరకు కార్బురేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. దాన్ని నడిపే చిన్న కంప్యూటరూ వాటితోపాటే వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తినప్పుడు రోజుల తరబడి నీళ్లలో నానిన వాహనాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో బాగుచేసి నడుపుతున్నవాటికి ఈ సమస్య ఇప్పుడు మరింత దగ్గరిది.

క్లుప్తంగా చెప్పాలంటే, రిపేరు తర్వాత తలెత్తే ఇబ్బందులకు మూలం మూడు చోట్ల ఉంటుంది: ఈసీఎంను మొదట చెడగొట్టిన బయటి లోపం అలాగే మిగిలిపోవడం, రిపేరులో బండికీ ఈసీఎంకూ మధ్య ఉన్న గుర్తింపు వివరాలు చెదిరిపోవడం, రిపేరే సరిగా జరగకపోవడం. చాలామంది మూడోదాన్నే ముందుగా అనుమానిస్తారు. వెతకాల్సిన వరుస మాత్రం మొదటిదానితో మొదలు కావాలి.

పెట్టెలో ఏముంటుంది

అల్యూమినియం పెట్టెలోని సర్క్యూట్ బోర్డును పనినిబట్టి నాలుగు భాగాలుగా చూడవచ్చు. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులను 5 వోల్టులకు, అంతకంటే తక్కువకు తగ్గించే పవర్ సప్లై ఒకటి. సెన్సర్లు పంపే సంకేతాలను చదివే ఇన్‌పుట్ విభాగం రెండోది. ప్రోగ్రామునూ బండి వివరాలనూ దాచుకునే మెమరీ, దానితో పనిచేసే ప్రాసెసర్ మూడోది. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లను, స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిళ్లను, కరెంటు స్విచ్చులైన రిలేలను పనిచేయించే సర్క్యూట్లు నాలుగోది, వీటిని డ్రైవర్లు అంటారు. వీటిలో పవర్ సప్లై, డ్రైవర్లు బయటి వైర్లకు నేరుగా ఎదురుగా ఉంటాయి కాబట్టి దెబ్బ తగిలేది ఎక్కువగా వాటికే. ప్రాసెసర్ తనంత తాను చెడిపోవడం అరుదు. రిపేరు చేసేవారు సాధారణంగా చేసేది కూడా కాలిన డ్రైవర్‌ను, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ను, కారిన కెపాసిటర్లను మార్చడం, పగిలిన సోల్డర్ అతుకులను మళ్లీ వేయడమే.

మొదట చెడగొట్టింది ఏది?

ఈసీఎం ఊరికే కాలిపోదు. డ్రైవర్ కాలిందంటే దాని గుండా పరిమితికి మించిన కరెంటు పోయి ఉండాలి, ఆ కరెంటును లాగింది బయటి పరికరమో వైరో అయి ఉండాలి. ఇగ్నిషన్ కాయిల్ దీనికి మంచి ఉదాహరణ. కొన్ని బండ్లలో కాయిల్‌ను నడిపే ట్రాన్సిస్టర్ కాయిల్‌లోనే ఉంటుంది, మరికొన్నింట్లో అది ఈసీఎం బోర్డు మీద ఉంటుంది. ఈ రెండో రకంలో కాయిల్ ప్రైమరీ చుట్ల మధ్య ఇన్సులేషన్ దెబ్బతిని కొన్ని చుట్లు షార్ట్ అయితే, మామూలుగా ఆరేడు ఆంపియర్ల దగ్గర ఆగాల్సిన కరెంటు అంతకు మించిపోయి ట్రాన్సిస్టర్‌ను కాల్చేస్తుంది. ట్రాన్సిస్టర్ మార్చి, అదే కాయిల్‌తో బండిని అప్పగిస్తే కొత్త ట్రాన్సిస్టర్ కూడా అదే దారి పడుతుంది. రిపేరు చేసినవారి పనితనంలో లోపమేమీ లేకపోయినా, ఈసీఎం మళ్లీ పోయిందనే మాట వస్తుంది.

ఇలాంటి బయటి కారణాలు మరికొన్ని ఉన్నాయి. ఎలుకలు కొరికిన వైర్లు ఒకదానికొకటి తగలడం, జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారు కావడం, టింకరింగ్ పనిలో బ్యాటరీ తీయకుండా వెల్డింగ్ చేయడం అందులో ముఖ్యమైనవి. పాత షెడ్లలో ఇప్పటికీ కనిపించే ఒక అలవాటును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డైనమో (ఆల్టర్నేటర్) చార్జింగ్ ఇస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేస్తారు. కార్బురేటర్ కాలంలో దాని వల్ల పెద్ద నష్టం కనిపించేది కాదు. ఇప్పుడు మాత్రం బ్యాటరీలోకి పోతున్న చార్జింగ్ కరెంటు ఒక్కసారిగా దారి కోల్పోగానే ఆల్టర్నేటర్ వోల్టేజీ క్షణాల్లో ఎగబాకుతుంది. ఇంజినీర్లు లోడ్ డంప్ అనే ఈ స్థితికి ఐఎస్‌ఓ 16750-2 ప్రమాణం 12 వోల్టుల వాహనాల్లో పెట్టిన పరీక్ష వోల్టేజీ, అణచే ఏర్పాటు లేనప్పుడు, 79 నుంచి 101 వోల్టుల దాకా ఉంటుంది. టెర్మినల్ పీకి చూసే పద్ధతిని పూర్తిగా మానుకోవాలి. టెర్మినల్ తీయకుండా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే, ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు కనిపించాలి. ఆ పరీక్షకు అంతే చాలు.

వరద నీటి కథ వేరు. మంచినీరే అయినా అందులో కరిగిన లవణాలు, బురద ఉంటాయి. బ్యాటరీ కలిపే ఉంటే బోర్డు మీది రాగి దారుల మధ్య విద్యుద్విశ్లేషణ మొదలై లోహాన్ని తినేస్తుంది. పెట్టె విప్పినప్పుడు కనిపించే పచ్చటి చిలుము దాని గుర్తు. బోర్డును ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, తెగిన దారులను అతికితే ఈసీఎం లేచి పనిచేయవచ్చు. అయితే నీరు బోర్డు దాకా వచ్చిందంటే వైర్లను కలిపే కప్లర్లలోకి, వైరింగ్ లోపలికి కూడా చేరే ఉంటుంది. బోర్డు శుభ్రం చేసి కప్లర్ పిన్నుల చిలుమును వదిలేసిన రిపేరు కొన్ని వారాలు బాగానే నడిచి, ఆ తర్వాత అక్కడోటి ఇక్కడోటిగా తప్పుడు లోపాల కోడ్లు చూపిస్తుంది. వరదలో మునిగిన బండి విషయంలో వైరింగ్‌ను చివరి దాకా విప్పి చూడకుండా ఈసీఎం ఒక్కదానికే డబ్బు పెట్టడం సరైన నిర్ణయం కాదు.

తయారీలోనే లోపమున్న సందర్భాలు లేవని కాదు. 2010 ఆగస్టులో టొయోటా సంస్థ అమెరికా, కెనడాల్లో 2005 నుంచి 2008 వరకు వచ్చిన కరోలా, మ్యాట్రిక్స్ మోడళ్లు సుమారు 11.3 లక్షలను వెనక్కి పిలిపించింది. వాటి ఈసీఎం బోర్డు మీద సోల్డర్ అతుకుల్లోనో, వోల్టేజీ పోటును అణచే వేరిస్టర్లలోనో పగుళ్లు రావచ్చన్నది అందుకు చెప్పిన కారణం. లక్షణాలు డ్యాష్‌బోర్డులో చెక్ లైట్ వెలగడం, గేర్లు కుదుపుతో మారడం, స్టార్ట్ కాకపోవడం, నడుస్తూ ఆగిపోవడం. వాటిలో ఏ ఒక్కటీ ఈసీఎం లోపానికి మాత్రమే ప్రత్యేకమైనది కాదు, బయటి లోపాలూ అవే లక్షణాలను చూపిస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

కరెంటు, ఎర్త్: మల్టీమీటర్ చెప్పని సంగతి

బిగించిన ఈసీఎంకు ప్రాణం ఉందో లేదో తేల్చడానికి తాళం తిప్పి చూసే మూడు సంకేతాలు చాలా ఉపయోగపడతాయి. చెక్ లైట్ వెలగాలి, మెయిన్ రిలే టక్కుమనాలి, పెట్రోలు బండి అయితే వెనక సీటు దగ్గర పంపు రెండు సెకన్ల పాటు మోగి ఆగాలి. ఈ మూడూ లేకపోతే చాలామంది ఈసీఎం పోయిందని తీర్మానించేస్తారు. దానికి కరెంటు, ఎర్త్ అందకపోయినా సరిగ్గా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

ఈసీఎంకు సాధారణంగా ఎప్పుడూ ఉండే ఒక ప్లస్ సరఫరా, తాళం తిప్పితే వచ్చే ఇంకొకటి, మెయిన్ రిలే ద్వారా వచ్చే మరొకటి, ఒకటికి మించిన ఎర్త్ వైర్లు ఉంటాయి. వీటిని కప్లర్ తీసి మల్టీమీటర్‌తో చూసి, 12 వోల్టులు వస్తున్నాయి కాబట్టి వైరింగ్ బాగుందని చెప్పడం పరిపాటి. ఆ ముగింపు తప్పు కావచ్చు. డిజిటల్ మల్టీమీటర్ లోపలి నిరోధం చాలావాటిలో కోటి ఓముల దాకా ఉంటుంది. అంటే అది వైరు నుంచి లాగే కరెంటు మైక్రో ఆంపియరుకు అటూఇటూ మాత్రమే. వైరులోని తీగలన్నీ తుప్పు పట్టి తెగి ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులే చూపిస్తుంది. సన్నటి రంధ్రమున్న కుళాయిలోనూ నీటి ఒత్తిడి ఉంటుంది గానీ దానితో బిందె నిండదు, ఈ వైరు సంగతీ అంతే. ఈసీఎం కప్లర్ తగిలించి, ఇంజెక్టర్లు, రిలేలు కరెంటు లాగడం మొదలుపెట్టగానే ఆ ఒక్క తీగ మీద వోల్టేజీ అంతా పడిపోతుంది.

అందుకే సరఫరాను లోడు పెట్టి పరీక్షించాలి. 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. తీసిన కప్లర్‌లో ప్లస్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఆ బల్బును కలిపితే ధగధగా వెలగాలి. మసకగా వెలిగితే ఆ రెండు వైర్లలో ఒకటి బలహీనంగా ఉన్నట్టు. ఏ వైరో తేల్చడానికి, బల్బు వెలుగుతుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొనను కప్లర్ ఎర్త్ పిన్నుకు పెట్టి చూడాలి. బాగున్న ఎర్త్ మీద 0.1 వోల్టుకు మించి కనిపించకూడదు. అర వోల్టో ఒక వోల్టో కనిపిస్తే బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద రంగో తుప్పో ఉందన్న మాట. టింకరింగ్, పెయింటింగ్ జరిగిన బండ్లలో ఈ లోపం ఎదురయ్యే అవకాశం ఎక్కువ. పరీక్షించే పిన్నుల్లో ప్రోబ్ గట్టిగా గుచ్చి వాటిని వెడల్పు చేస్తే, లేని లోపం కొత్తగా పుడుతుంది. అదే కొలతకు సరిపోయే పిన్ను వాడటం మంచిది.

సెల్ఫ్ కొట్టేటప్పటి వోల్టేజీ కూడా ఇందులో భాగమే. పూర్తి చార్జింగుతో ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపించి, సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి దిగకూడదు. ఈసీఎం రిపేరుకు పోయిన వారాల్లో షెడ్డులో నిలిచిపోయిన బండి బ్యాటరీ సగం దిగిపోయి ఉంటుంది. సెల్ఫ్ తిరుగుతున్నా ఈసీఎం మాత్రం తక్కువ వోల్టేజీ వల్ల మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూ ఉండవచ్చు. ప్రాసెసర్ లోపమని చెప్పే పీ0606 కోడ్ కూడా కొన్ని బండ్లలో ఈ కారణంగానే పడుతుంది. కాబట్టి ఆ కోడ్ చూసి రిపేరు షాపుకు పరుగెత్తేముందు బ్యాటరీని విడిగా చార్జి చేయడం అవసరం.

ఐదు వోల్టుల దారి

రిపేరు అయిన ఈసీఎంలో మరీ తరచుగా పొరబడే చోటు సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల రిఫరెన్స్, అంటే అవి కొలతకు ఆధారంగా తీసుకునే సరఫరా. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్, త్రాటిల్ సెన్సర్, యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్, కొన్ని బండ్లలో ఏసీ ప్రెషర్ సెన్సర్ ఈ 5 వోల్టులను పంచుకుంటాయి. ఈసీఎం దీన్ని ఒకటి రెండు దారులుగా పంపుతుంది. ఆ దారి మీద ఉన్న సెన్సర్లలో ఒక్కటి లోపల షార్ట్ అయినా, లేదా దాని వైరు బాడీకి తగిలినా, ఆ దారిలోని సెన్సర్లన్నిటికీ వోల్టేజీ పడిపోతుంది. ఈసీఎంలోని కోడ్లను చదివే స్కానర్ పీ0641 లేదా పీ0651తో పాటు పొంతన లేని నాలుగైదు సెన్సర్ కోడ్లను ఒకేసారి చూపిస్తుంది. ఇన్ని సెన్సర్లు ఒక్కసారే చెడవు గనుక ఈసీఎమే పోయిందని అనుకోవడం సహజం. ఏసీ ప్రెషర్ సెన్సర్ లాంటి, ఇంజిన్‌తో నేరుగా సంబంధం లేనట్టు కనిపించే భాగం బండిని కదలనివ్వకుండా చేయగలదని చాలామందికి తట్టదు.

దీన్ని తేల్చే పద్ధతి ఓపిక అడుగుతుంది గానీ ఖర్చు అడగదు. తాళం ఆన్‌లో ఉంచి, ఒక సెన్సర్ కప్లర్‌లో 5 వోల్టుల వైరు మీద మీటరు పెట్టి, మిగతా సెన్సర్ల కప్లర్లను ఒక్కొక్కటే తీస్తూ పోవాలి. ఏ కప్లర్ తీయగానే మీటరు 5 వోల్టులకు లేస్తుందో ఆ సెన్సరే దోషి. అన్నీ తీసినా లేవకపోతే వైరింగ్ షార్ట్ అయినా ఉండాలి, ఈసీఎం రెగ్యులేటర్ అయినా పోయి ఉండాలి. అప్పుడు ఈసీఎం కప్లర్ నుంచి ఆ ఒక్క పిన్నును వెనక్కి లాగి, పెట్టె వైపు వోల్టేజీ ఉందో లేదో చూస్తే అనుమానానికి తావుండదు.

ఇన్‌పుట్ విభాగం బాగుందో లేదో ఇంజిన్ నడపకుండానే తెలుసుకునే దారి ఒకటుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే తాళం ఆన్ చేసి స్కానర్ పెడితే కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు సమానంగా ఉండాలి. కూలెంట్ విలువ మైనస్ 40 డిగ్రీలని కనిపిస్తే సెన్సర్ వైరు తెగిందనో, రిపేరు తర్వాత ఆ కప్లర్ పెట్టడం మరిచిపోయారనో అర్థం. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మ్యాప్ సెన్సర్ బయటి గాలి పీడనాన్నే చూపించాలి. విశాఖలో అది సుమారు 101 కిలోపాస్కల్స్, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో సుమారు 95. ఈ విలువలు సరిపోయాయంటే 5 వోల్టుల సరఫరా, ఇన్‌పుట్ విభాగం, వాటిని చదివే ప్రాసెసర్ ఆ మేరకు సవ్యంగా ఉన్నాయని నమ్మవచ్చు. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఎక్కువ సమాచారమిచ్చే పరీక్ష మరొకటి లేదు.

వేడెక్కాక ఆగే బండి

అన్నిటికంటే చిక్కు పెట్టేది ఈ రకం. ఉదయం చక్కగా స్టార్టయి, అరగంట నడిచాక ఆగిపోతుంది. చల్లారాక ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. రిపేరు షాపులో బెంచ్ మీద పెట్టి చూస్తే ఈసీఎం గంటల తరబడి పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఇంజిన్ వేడి ఉండదు, కుదుపులుండవు, నిజమైన ఇంజెక్టర్లకు బదులు చిన్న బల్బులో ఎల్‌ఈడీలో ఉంటాయి.

దీని వెనక పనిచేసేది వేడికి పదార్థాలు వ్యాకోచించడం. సర్క్యూట్ బోర్డు, చిప్పు, వాటిని కలిపే సోల్డర్ వేడికి ఒకే మోతాదులో సాగవు. వేలసార్లు వేడెక్కి చల్లారాక అతుకులో కంటికి కనిపించని వలయాకారపు పగులు ఏర్పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు అంచులూ తాకుతూ ఉంటాయి, వేడికి విడిపోతాయి. రిపేరులో ఒక అతుకు వేసి, దాని పక్కన అదే వయసున్న అతుకును వదిలేస్తే లోపం తిరిగి వస్తుంది. కావాలంటే ఈసీఎంకు హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడి తగిలించి లోపాన్ని షెడ్డులోనే పుట్టించవచ్చు. హీట్ గన్‌తో ప్లాస్టిక్ కరిగేంతగా కాల్చడం మాత్రం ప్రమాదం.

ఇక్కడ ఒక ముఖ్యమైన పోలిక చూడాలి. క్రాంక్ సెన్సర్ లోపల సన్నటి తీగ చుట్ట తెగినప్పుడు కూడా సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి: వేడికి ఆగడం, చల్లారాక స్టార్ట్ కావడం. ఇంజిన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ చెప్పకపోతే ఈసీఎం పెట్రోలూ ఇవ్వదు, స్పార్కూ ఇవ్వదు. రెండింటి మధ్య తేడా తేల్చడానికి బండి ఆగిపోయిన ఆ కొద్ది నిమిషాలే అవకాశం. స్కానర్‌ను ముందే సాకెట్‌కు పెట్టుకుని నడపాలి. ఆగాక తాళం ఆన్‌లో స్కానర్ ఈసీఎంతో మాట్లాడుతూ, సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్‌పీఎం సున్నా చూపిస్తూ ఉంటే వేలు క్రాంక్ సెన్సర్ వైపు, దాని వైరింగ్ వైపు చూపాలి. ఆర్‌పీఎం వస్తూ ఇంజెక్షన్ ఆగిపోతే ఈసీఎం డ్రైవర్లనో మెయిన్ రిలేనో చూడాలి. ఈసీఎం స్కానర్‌కు దొరకకుండా పోయి, చెక్ లైట్ కూడా వెలగకపోతే అప్పుడు మాత్రమే పెట్టె మీదికి, దాని సరఫరా మీదికి అనుమానం బలంగా మళ్లుతుంది. చల్లారాక షెడ్డుకు తెచ్చి ఎన్ని పరీక్షలు చేసినా ఈ తేడా దొరకదు.

స్కానర్‌కు ఈసీఎం దొరకకపోతే

భారత్‌లో భారత్ స్టేజ్-4 కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ (బండి తన లోపాలను తానే గుర్తించే ఏర్పాటు) మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ తప్పనిసరి అయ్యాయి. దానివల్ల స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్ దాదాపు ప్రతి కారులో ఉంటుంది. అందులో 16వ పిన్నుకు బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులకు ఎర్త్ వస్తాయి. 6, 14 పిన్నులు బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైన్లు, కొన్ని పాత బండ్లలో స్కానర్ మాట్లాడే 7వది కే-లైన్. స్కానర్‌కు దీపమే వెలగకపోతే లోపం సాకెట్ ఫ్యూజులో ఉండవచ్చు. చాలా కార్లలో సిగరెట్ లైటర్‌కూ దీనికీ ఫ్యూజు ఒకటే.

స్కానర్ వెలిగి ఈసీఎం మాత్రం దొరక్కపోతే, బ్యాటరీ టెర్మినల్ తీసి 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలవాలి. క్యాన్ లైను రెండు చివర్లలో చెరొక 120 ఓముల నిరోధం సమాంతరంగా ఉంటుంది గనుక 60 ఓములు రావాలి. చాలా బండ్లలో ఆ రెండింటిలో ఒకటి ఈసీఎంలోనే ఉంటుంది. 120 వస్తే ఈసీఎం వైపు లైను తెగిందనో, రిపేరులో ఆ భాగం దెబ్బతిందనో అనుకోవచ్చు. సున్నాకు దగ్గరగా వస్తే రెండు లైన్లు ఒకదానికొకటి తగిలాయి. యూ0100 అనే కోడ్ బ్రేకుల కంప్యూటర్ అయిన ఏబీఎస్‌లో కనిపిస్తే, ఇంజిన్ కంప్యూటర్ తనతో మాట్లాడటం లేదని ఏబీఎస్ ఫిర్యాదు చేస్తోందని అర్థం. ఎందుకు మాట్లాడటం లేదో ఆ కోడ్ చెప్పదు.

ఈసీఎం తన గురించి తాను రాసుకునే కోడ్లు పీ0601 నుంచి పీ0607 వరకు ఉంటాయి. రిపేరు తర్వాత పీ0601 పడితే మెమరీలోని ప్రోగ్రాము లెక్క కుదరడం లేదని సూచన. మెమరీ చిప్పు మార్చి డేటా ఎక్కించేటప్పుడు తేడా జరిగినా, పవర్ పెంచడానికి ప్రోగ్రామును మార్చే రీమ్యాప్ సరిగా ముగియకపోయినా ఇది వస్తుంది. పీ0602 ప్రోగ్రామింగ్ పూర్తి కాలేదనే సూచన. ఈ రెండింటిలో వైరింగ్ వెతకడం కాలయాపన, బండిని రిపేరు చేసినవారి దగ్గరికే తీసుకుపోవాలి. ఏ కోడ్ అయినా చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా రాసి ఉంచుకోవాలి. ఆ కోడ్ పడిన క్షణంలో వేగం, ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం ఎంతో అందులో ఉంటాయి, చెరిపాక అవి తిరిగి రావు.

తాళంచెవి, ఇంజెక్టర్ కోడ్లు, నేర్చుకున్న లెక్కలు

బండి స్టార్టయి రెండు సెకన్లకే ఆగిపోతుంటే, లేదా సెల్ఫ్ తిరుగుతూ స్పార్క్ రాకుండా డ్యాష్‌బోర్డులో తాళంచెవి గుర్తు మిణుకుమంటుంటే, సరైన తాళంచెవి లేకుండా ఇంజిన్ నడవనివ్వని ఇమ్మొబిలైజర్‌ను చూడాలి. తాళంచెవిలోని చిప్పు సంఖ్య ఈసీఎం మెమరీలో రాసి ఉంటుంది. రిపేరులో ఆ మెమరీ చెరిగిపోయినా, స్క్రాప్‌లో కొన్న మరో ఈసీఎం పెట్టినా రెండూ ఒకదాన్నొకటి గుర్తించవు. పీ0513, పీ0633 కోడ్లు దీన్ని సూచిస్తాయి. పాత ఈసీఎం మెమరీని చదివి కొత్తదానిలోకి ఎక్కించడం, లేదా కంపెనీ స్కానర్‌తో తాళాన్ని మళ్లీ నేర్పించడం పరిష్కారం. స్క్రాప్ ఈసీఎంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కప్లర్ ఒకేలా ఉన్నంత మాత్రాన లోపలి ప్రోగ్రాము ఒకటే అని కాదు. మాన్యువల్ గేర్లకూ, గేర్లు వాటంతట అవే మారే ఏఎంటీకీ, భారత్ స్టేజ్-3కీ 4కీ పార్టు నంబరు చివరి అక్షరాలే మారతాయి. తయారీదారు ముద్రించిన పూర్తి నంబరు సరిపోకపోతే కొనకపోవడమే క్షేమం.

ఇంజెక్టర్లన్నిటికీ ఒకే అధిక పీడనపు గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ బండ్లలో ప్రతి ఇంజెక్టర్ పైన ఒక కోడ్ చెక్కి ఉంటుంది. ఆ ఇంజెక్టర్ తయారీలో వచ్చిన సూక్ష్మమైన హెచ్చుతగ్గులను అది తెలుపుతుంది, ఈసీఎం దాన్నిబట్టి డీజిల్ మోతాదు సవరిస్తుంది. ఈసీఎం మార్చాక ఆ కోడ్లు ఎక్కించకపోతే ఇంజిన్ గరగరమంటూ ఒణుకుతుంది, పొగ వదులుతుంది. బాగున్న ఇంజెక్టర్లను మార్చమనే సలహాలు వచ్చేది ఇలాంటప్పుడే. భారత్ స్టేజ్-6 డీజిల్‌లో పొగలోని మసిని పట్టే పర్టిక్యులేట్ ఫిల్టర్ ఎంత నిండిందన్న లెక్క కూడా ఈసీఎంలోనే ఉంటుంది. నిండిన ఫిల్టర్‌కు ఖాళీ లెక్కతో ఈసీఎం పెడితే మసి కాల్చే పని వేళకు జరగక ఫిల్టర్ పూడిపోతుంది.

పెట్రోలు బండ్లలో చెరిగేవి అంత ప్రమాదకరమైనవి కావు. ఐడ్లింగ్‌లో త్రాటిల్ ఎంత తెరవాలి, ఇంధనం ఎంత శాతం కలపాలి లేదా తగ్గించాలి, క్రాంక్ పళ్ల చక్రంలో తేడాలెంత అన్నవి ఈసీఎం నడుస్తూ నేర్చుకునే లెక్కలు. రిపేరుకు ముందు మురికి పట్టిన త్రాటిల్ బాడీకి తగ్గట్టు నేర్చుకున్న లెక్క పోయాక, అదే మురికితో ఐడ్లింగ్ కూర్చోదు, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. త్రాటిల్ బాడీ శుభ్రం చేసి, లెక్కలను మళ్లీ నేర్పించేందుకు ఆ మోడల్‌కు చెప్పిన రీలెర్న్ పద్ధతి పాటించి, కొన్ని పదుల కిలోమీటర్లు రకరకాల వేగాల్లో నడిపాక ఇంధన సవరణ శాతం పదికి లోపల నిలబడాలి. నిలబడితే అది లోపం కాదు, కుదురుకోవడమే. అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఇందులో ఇంకో చిక్కు ఎదురవుతుంది. కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ అనే కాలుష్య పరీక్ష ఓబీడీ సాకెట్ ద్వారా జరుగుతుంది. 2000 తర్వాతి పెట్రోలు కార్లలో ఈసీఎం తనకు తాను చేసుకునే పరీక్షల్లో (వీటిని మానిటర్లు అంటారు) పెట్రోలు ఆవిరిది తప్ప మిగతావన్నీ పూర్తయి ఉండాలి. ఈసీఎం బాగుచేసిన మర్నాడే పరీక్షకు పోతే బండిలో ఏ లోపం లేకపోయినా తిప్పి పంపుతారు.

బాధ్యత ఎవరిది?

ఈసీఎం రిపేరు సాధారణంగా మూడు చేతుల మీదుగా నడుస్తుంది. పెట్టెను విప్పి పంపే మెకానిక్ ఒకరు, బోర్డు బాగుచేసేవారు మరొకరు, వైరింగ్ చూసే ఆటో ఎలక్ట్రీషియన్ ఇంకొకరు. బండి మళ్లీ ఆగినప్పుడు తప్పు ఎవరిదో తేలకపోవడానికి ఈ విభజనే కారణం. బోర్డులో ఏ భాగం కాలిందో, అది ఏ పిన్నుకు వెళుతుందో రిపేరు చేసినవారు రాసి ఇస్తే వివాదం చాలావరకు రాదు. రెండో ఇంజెక్టర్ డ్రైవర్ మార్చామని కాగితం మీద ఉంటే, బండి దగ్గర ఉన్నవారు బిగించక ముందే ఆ ఇంజెక్టర్ నిరోధం కొలుస్తారు. పెట్రోలు ఇంజెక్టర్లలో ఎక్కువ రకాలకు 12 నుంచి 16 ఓములు రావాలి, రెండు మూడు ఓములే వస్తే పెట్టె బిగించే ముందే కారణం దొరికినట్టు. ఈసీఎం మార్చామని ఒక్క ముక్కతో సరిపెట్టే బిల్లు యజమానికి గ్యారంటీ ఇచ్చినట్టు కనిపిస్తుంది గానీ రెండోసారి లోపం వెతికేవారికి ఏ ఆధారమూ మిగల్చదు.

కొత్త మోడళ్లలో పరిస్థితి ఇంకా కఠినమవుతోంది. ప్రాసెసర్‌లోనే మెమరీని తాళం వేసి ఉంచడం, కొత్త ఈసీఎంను బండికి జతచేయాలంటే తయారీదారు సర్వర్ అనుమతి కోరడం పెరుగుతున్న పోకడ. అలాంటి బండ్లలో స్క్రాప్ ఈసీఎం పనికిరాదు, కొత్తది షోరూంలోనే కొనాలి. అసలు పెట్టెను దాని మెమరీ చెదరకుండా బాగుచేయడమొక్కటే తక్కువ ఖర్చు దారిగా మిగులుతుంది. అందువల్ల బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టే ముందే, చదవడానికి వీలున్న ప్రతి ఈసీఎం మెమరీని పూర్తిగా కాపీ చేసి, ఆ ఫైలును యజమానికి కూడా ఇవ్వాలని రిపేరుకు ఇచ్చేటప్పుడే అడగాలి. తాళం సంఖ్య, ఇంజెక్టర్ కోడ్లు, ఫిల్టర్ లెక్క ఆ ఫైలులోనే ఉంటాయి.